పాడైన దిబ్బకా, బాగున్న దిబ్బకా: డబ్బు ముందు ఎక్కడ పెట్టాలి?

మీరడిగింది ముందు నా మాటల్లో చెప్పుకుంటాను, తప్పుగా అర్థం చేసుకుని ఉంటే ఇక్కడే దొరికిపోతుంది. మీ కంపెనీ చెన్నై ఆఫీసు సీఎస్సార్ (సామాజిక బాధ్యత నిధుల) కమిటీ పగడపు దిబ్బల కోసం మూడేళ్లకి 60 లక్షలు పక్కన పెట్టింది. మూడు ప్రతిపాదనలు వచ్చాయి. తూత్తుకుడి వైపు పాడైన దిబ్బ మీద పగడపు ముక్కలు నాటడం ఒకటి. రామేశ్వరం దగ్గరి మండపం, పాంబన్ ఊళ్ల వైపు తెగిపడిన వలలు తీయించి, ఊళ్లవాళ్లతోనే కాపలా పెట్టించడం రెండోది. లక్షద్వీప్‌లో బ్లీచింగ్ మీద, అంటే వేడికి పగడం తెల్లబడిపోవడం మీద, ఏటా సర్వే చెయ్యడం మూడోది. కమిటీలో ఎక్కువమంది "పాడైన చోటికే కదా ముందు ఇవ్వాలి" అంటున్నారు. ఒకరిద్దరు "పోయేదాని మీద ఎందుకు, నిలబడేదాని మీద పెట్టండి" అంటున్నారు. వీళ్లలో ఎవరిది ఒప్పో ఏ లెక్కన తేల్చాలి అని మీ ప్రశ్న.

నాది ఒంగోలు. ఇరవై మూడేళ్లుగా మద్రాసులోనే ఉంటున్నాను, తీరప్రాంతాల మ్యాపులు చేసే పని. సముద్ర జీవశాస్త్రం చదివినవాణ్ణి కాను. ఏ గడికి ఏ రంగు వెయ్యాలి, ఏ చోటికి ఎంత విలువ కట్టాలి అని తగువులు పడే గదుల్లో చాలాకాలం కూర్చున్నవాణ్ణి. కాబట్టి పగడాల జాతుల దగ్గర తడబడితే సర్దుకోండి, లెక్క దగ్గర తడబడితే మాత్రం వదలకండి.

కమిటీలో ఎవరో ఒకరు అడిగే తీరుతారు గనక ఒక చిన్న సంగతి ముందే చెప్పేస్తాను. కుజదోషానికని ఉంగరంలో పెట్టుకునే ఎర్ర పగడం వేరు. అది ఎక్కువగా మధ్యధరా సముద్రంలో దొరుకుతుంది, దిబ్బలు కట్టదు. మనం మాట్లాడుతున్నది ఎండ పడే లోతు తక్కువ నీళ్లలో సున్నపుగూడు కట్టుకుంటూ పెరిగే పగడాల గురించి. వాటి ఒంట్లో కంటికి కనిపించని నాచు కాపురముంటుంది. ఆ నాచు ఎండని తిండిగా మార్చి పగడాన్ని పోషిస్తుంది, రంగు కూడా దాని పుణ్యమే. మరి మెరీనాలోనో, మన కాకినాడ దగ్గరో ఈ దిబ్బలు ఎందుకు లేవంటే, కృష్ణా గోదావరుల్లాంటి నదులు తెచ్చే మంచినీళ్లూ ఒండ్రూ వాటికి పడవు. దేశంలో పెద్ద దిబ్బలున్న చోట్లు నాలుగే: మన్నార్ సింధుశాఖ, కచ్ సింధుశాఖ, లక్షద్వీప్, అండమాన్ నికోబార్. మనకి దగ్గరది రామేశ్వరం నుంచి తూత్తుకుడి దాకా 21 దీవుల చుట్టూ ఉన్న మన్నార్. 117 రకాల గట్టి పగడాలు అక్కడ నమోదయ్యాయి. 21 దీవులు అన్నాను గానీ, అందులో రెండు, పూవరసన్‌పట్టి, విలాంగుచల్లి, ఇప్పుడు నీళ్ల కిందే ఉన్నాయి.

ఇక అసలు సంగతి. "పాడైన చోటికే ముందు" అనేది మంచి మనసున్నవాళ్ల మొదటి మాట. ఇంట్లో ఒంట్లో బాగోలేనివాడికే కదా ముందు గంజి కాస్తాం. కానీ డాక్టరు దగ్గరికెళితే ఆయన మొదట అడిగేది జబ్బేమిటని. పగడానికీ అదే ప్రశ్న. దిబ్బ దేనివల్ల పాడైందో, ఆ కారణం ఇప్పటికీ ఉందో లేదో, ఉంటే అది మీ 60 లక్షలకి లొంగేదో కాదో తేలకుండా "పాడైంది" అన్న ఒక్క మాట మీద చెక్కు రాయకండి.

తూత్తుకుడి వైపు దిబ్బలు పాడవడానికి పెద్ద కారణం తవ్వకం. పగడపు రాయిని పెళ్లగించి, బట్టీల్లో కాల్చి సున్నం చేసేవారు, ఇళ్ల పునాదుల్లోనూ వాడేవారు. 2001లో గట్టి పగడాలని వన్యప్రాణి చట్టం షెడ్యూల్ 1లో చేర్చారు, ఆ తర్వాతి ఏళ్లలో తవ్వకం ఆగింది. అంటే అక్కడ కొట్టిన చెయ్యి ఆగిపోయింది. అలాంటి చోట నాటడానికి ఒక అర్థం ఉంది. అదే ఇప్పటికీ మురుగు కలుస్తున్న చోటో, ట్రాలర్లు అడుగు దున్నుతున్న చోటో నాటితే, చిల్లుకుండలో నీళ్లు పోసి నిండలేదేమని అడిగినట్టుంటుంది.

కానీ ఇంకో చెయ్యి ఉంది, అది ఆగదు. వేడి.

2016 ఎండాకాలంలో ఒక పని మీద అటవీ శాఖ అనుమతితో మండపం నుంచి వల్లం అనే నాటు పడవలో వెళ్లాం. గాలి లేదు, సముద్రం చెరువులా పడుకుని ఉంది. చెయ్యి ముంచితే స్నానానికి తోడుకున్న నీళ్లలా వెచ్చగా తగిలింది. అడుగున అద్దం బిగించిన ప్లాస్టిక్ డబ్బాని నీళ్లలోకి నొక్కి చూస్తే కింద కొమ్మల పగడమంతా తెల్లగా, ఉప్పు కుప్ప పోసినట్టుంది. అక్కడక్కడా లేత నీలం, లేత గులాబీ రంగులు మెరుస్తున్నాయి. నిజం చెప్పొద్దూ, చాలా అందంగా ఉంది. పడవ నడిపే పెద్దాయన ఒక్కసారి తొంగి చూసి "వెళుత్తు పోచ్చు సార్" అన్నాడు. మన వెలిసిపోయిందే అది. బ్లీచింగ్‌కి ఇంతకన్నా సరైన మాట ఎవరూ కొత్తగా పుట్టించక్కర్లేదు. వేడికి తట్టుకోలేక పగడం తన ఒంట్లో నాచుని బయటికి తోసేస్తుంది, రంగు పోతుంది, కింది సున్నం తెల్లగా కనబడుతుంది. అప్పటికి చచ్చిపోలేదు, పస్తులుంది, అంతే. కొద్ది వారాల్లో నీళ్లు చల్లబడితే నాచు తిరిగొస్తుంది. చల్లబడకపోతే లేదు. అదే చోటికి తర్వాత వెళ్లి, 20 మీటర్ల టేపు పరిచి, దాని కింద ఏముందో పలక మీద పెన్సిలుతో రాసుకుంటూ పోయాం: బతికింది, చచ్చింది, నాచు, ఇసుక, చచ్చింది, నాచు. కొమ్మలన్నీ పాచి పట్టిన పాత సిమెంటు గట్టులా ఉన్నాయి. గుండ్రంగా బండల్లా పెరిగే పగడాలు మాత్రం చాలామటుకు నిలబడ్డాయి.

ఈ చివరి వాక్యం మీ మొదటి ప్రతిపాదనకి బాగా ముఖ్యం. నాటడానికి ఎక్కువగా వాడేది కొమ్మల పగడాన్నే. తొందరగా పెరుగుతుంది, తుంచితే ముక్క వస్తుంది, ఫొటోలో బాగుంటుంది. వేడికి ముందు పోయేదీ అదే. కాబట్టి వాళ్లని అడగండి: ఏయే రకాలు నాటుతున్నారు, ముక్కలు ఎక్కడి నుంచి తెస్తున్నారు, 2016 వేడిని తట్టుకున్న తల్లి పగడాల నుంచా, లేక దొరికినచోట నుంచా? దీనికి జవాబు లేకపోతే మిగతా పేజీలు చదవక్కర్లేదు. షెడ్యూల్ 1 జీవిని అనుమతి లేకుండా ముట్టుకోవడం నేరం కాబట్టి అటవీ శాఖ కాగితం కూడా అడగండి, మొహమాటపడొద్దు.

వేడిని కొలిచే పద్ధతి ఒకటుంది, కమిటీకి ఇది తెలిస్తే సగం వాదన తగ్గుతుంది. జ్వరం ఎంతుంది అనేదొక్కటే కాదు, ఎన్నాళ్లుంది అనేది కూడా కలిపి లెక్కకడతారు. ఆ చోట ఏడాదిలో అన్నిటికన్నా వేడి నెలలో మామూలుగా ఎంత వేడి ఉంటుందో, దానికన్నా ఒక డిగ్రీకి తగ్గకుండా ఎన్ని డిగ్రీలు ఎక్కువ, ఎన్ని వారాలు నిలిచిందో రెండూ గుణించి, గడిచిన 12 వారాలకి కూడుతూ పోతారు. 4 దాటితే వెలిసిపోవడం మొదలు, 8 దాటితే చావులు. అమెరికా సంస్థ నోవా ఉపగ్రహాల నుంచి ఈ లెక్క రోజూ ఇస్తుంది, డబ్బు కట్టక్కర్లేదు. 1998, 2010, 2014 నుంచి 17 దాకా, మళ్లీ 2024 ఏప్రిల్లో నోవా ప్రకటించినది, ఇలా ప్రపంచమంతా కమ్మిన బ్లీచింగ్‌లు నాలుగు. వాతావరణ మార్పుల మీద ఐక్యరాజ్యసమితి నిపుణుల సంఘం ఐపీసీసీ 2018లో ఇచ్చిన నివేదిక భూమి 1.5 డిగ్రీలు వేడెక్కితే దిబ్బల్లో 70 నుంచి 90 శాతం తగ్గిపోతాయనీ, 2 డిగ్రీలైతే 99 శాతానికి పైనే పోతాయనీ చెప్పింది.

మరైతే పార్కులు పెట్టి, కాపలా కాసి ఏం లాభం అంటారా? న్యాయమైన ప్రశ్నే. ఆస్ట్రేలియా గ్రేట్ బారియర్ రీఫ్‌లో 2004లో చేసిన పని ఈ రంగంలో అందరూ చూపించే ఉదాహరణ. మొత్తం 70 రకాల సముద్ర మండలాలుగా విడదీసి, ప్రతిదాంట్లోనూ కనీసం 20 శాతం కాపాడాలని నియమం పెట్టుకుని, చేపలు అసలు పట్టకూడని ప్రాంతాన్ని 5 శాతం లోపు నుంచి 33 శాతానికి తెచ్చారు. జనం నుంచి 31 వేలకు పైగా అభిప్రాయాలు తీసుకున్నారు. అంత చేశాక 2016లో వేడి వచ్చింది. ఎక్కువ దెబ్బ తిన్నది మనుషుల పోకడ తక్కువున్న ఉత్తర భాగమే. నీళ్లు శుభ్రంగా ఉన్నా, వేట లేకపోయినా ఆ తీవ్రత ముందు పెద్ద తేడా చూపలేదని తర్వాత పరిశోధకులు తేల్చారు. ఆ ఒక్క ఏడాదే లోతు తక్కువ పగడాల్లో దాదాపు 30 శాతం పోయాయి. గీత గీసినంత మాత్రాన వేడి ఆగదు. కాపలా పనికొచ్చేది వేడి పోయాక: పాచి మేసే చేపలు మిగిలి ఉంటే బండ శుభ్రంగా ఉంటుంది, పగడపు పిల్లలు నీళ్లలో కొట్టుకొచ్చి అతుక్కోగలవు. చిలక ముక్కు లాంటి నోటితో రాయిని గీరి తినే చేప ఒకటుంది, తమిళంలో కిళి మీన్ అంటారు. అది పెనంలో పడ్డాక మీరు ఎన్ని ముక్కలు నాటినా నాచే గెలుస్తుంది.

వేడి ఎక్కడ ఎంత పడుతుందో ఎవరికీ ఖాయంగా తెలియదు కాబట్టి, 2018లో కొందరు శాస్త్రవేత్తలు ఒక తెలివైన దారి పట్టారు. హ్యారీ మార్కోవిట్జ్ అనే ఆర్థికవేత్త 1952లో పెట్టుబడుల గురించి చెప్పిన సూత్రాన్ని, ఆయనకి 1990లో నోబెల్ తెచ్చిన ఆ సూత్రాన్నే, తెచ్చి దిబ్బలకి పెట్టారు. మన ఇళ్లలో పెద్దవాళ్లు చేసేదే అది: కొంత బంగారం, కొంత పొలం, ఓ చీటీ, ఓ ఎల్ఐసీ. అన్నీ ఒకేసారి మునగకుండా. అలా వేడి, తుపాన్లు, పిల్లలు ఎటు కొట్టుకుపోతాయనేది కలిపి చూసి, ఒక్కోటి 500 చదరపు కిలోమీటర్ల చొప్పున ప్రపంచంలో 50 చోట్లు ఏరారు. ఆలోచన నాకు నచ్చింది. కానీ ఆ జాబితా పట్టుకొచ్చి మీ కమిటీలో పెట్టకండి. మన్నార్ సింధుశాఖ జాతీయ పార్కు మొత్తం కలిపితేనే 560 చదరపు కిలోమీటర్లు. వాళ్ల కొలబద్దలో 21 దీవులూ కలిసి ఒక్క గడి. మీరు తేల్చాల్సింది ఆ గడి లోపల ఏ దీవి, ఏ పక్క అని. ప్రపంచ పటం చూసి వీధి చివర కిరాణా కొట్టు వెతుక్కోలేం.

ఇంకో సంగతి. వేడి తట్టుకునే చోట్లనే కాపాడాలనేవాళ్లు ఎర్రసముద్రం ఉత్తర కొసన ఉన్న అకాబా సింధుశాఖని చూపిస్తారు. అక్కడి పగడాలకి ఓపిక ఎక్కువ, నిజమే. కానీ అక్కడ కూడా రేవులున్నాయి, చమురు ఓడలున్నాయి. వేడికి చావని పగడం చమురుకి చస్తుంది. "నిలబడేదాని మీద పెట్టండి" అంటున్న మీ ఒకరిద్దరికి నేను చెప్పేది ఇదే. నిలబడే దిబ్బ అని తేలాక కూడా అక్కడ మీరు ఆపగల ప్రమాదం ఏదో ఒకటి ఉండాలి. ఏ ప్రమాదమూ లేనిచోట మీ డబ్బు వల్ల మారేదేమీ లేదు, అది మీరు లేకపోయినా బాగానే ఉంటుంది.

ఈ రంగంలో అందరూ దాటేసే మెట్టు ఇదే అని నా అభిప్రాయం. ఎవరూ చేపలు పట్టని, ఎవరికీ అక్కర్లేని దూరపు నీళ్ల మీద పార్కు ప్రకటించడం తేలిక. గొడవ లేదు, చదరపు కిలోమీటర్లు మాత్రం ఘనంగా పెరుగుతాయి. 2030 కల్లా నేలలోనూ సముద్రంలోనూ 30 శాతం కాపాడాలని దాదాపు దేశాలన్నీ ఒప్పుకున్నాక ఈ యావ ఇంకా పెరిగింది. "ఎంత విస్తీర్ణం కాపాడారు" అని అడిగితే గొప్ప అంకె వస్తుంది. "మీరు చెయ్యకపోతే ఏమయ్యేది" అని అడిగితే గదిలో ఫ్యాను చప్పుడు వినిపిస్తుంది.

న్యూజిలాండ్‌లో అంతరించిపోతున్న జాతులకి డబ్బు పంచడానికి వాడిన సూత్రం ఒకటుంది, నేను చూసినవాటిలో అన్నిటికన్నా సాదాది. ఆ చోటు ఎంత విలువైంది, మీ పని వల్ల ఎంత తేడా వస్తుంది, పని నెగ్గే అవకాశం ఎంత, ఈ మూడూ గుణించి ఖర్చుతో భాగించడం. కింది అంకెలు నిజం కావు, లెక్క తీరు చూపించడానికి నేను వేసుకున్నవి. ఖర్చు రెండింటికీ ఒకటే అనుకోండి. నాటే పని 60 సెంట్లలో. మీరు నాటకపోతే అయిదేళ్ల తర్వాత అక్కడ బతికున్న పగడం 10 శాతం, నాటితే 30. తేడా 20 శాతం, అంటే 12 సెంట్లు. ఈలోగా పెద్ద వేడి రాకుండా ఉండే అవకాశం సగం అనుకుంటే మిగిలేది 6 సెంట్లు. రెండో పని, వలలు తీయడం, కాపలా, 100 ఎకరాల మీద. ఏమీ చెయ్యకపోతే 18 శాతం, చేస్తే 22. చూడ్డానికి తేడా నాలుగు శాతమే, కానీ 100 ఎకరాల మీద నాలుగు ఎకరాలు. ఊళ్లవాళ్లు ఒప్పుకుని పని నడిచే అవకాశం 40 శాతమే అని పిసినారిగా వేసినా 160 సెంట్లు. ఆరు సెంట్లెక్కడ, నూట అరవై ఎక్కడ! కానీ ఫొటోల్లో చూస్తే మొదటిదే గెలుస్తుంది. 30 శాతం ముందు 22 వెలవెలబోతుంది.

ఈ లెక్కకి కూడా ఒళ్లంతా కళ్లుండాలి. విలువ అంటే పగడం విస్తీర్ణం ఒక్కటే కాదు. ఉదాహరణకి తూత్తుకుడి దగ్గర వాన్ దీవి కోసుకుపోయి చిక్కిపోతుంటే, 2015 నుంచి దాని ముందు సిమెంటు దిమ్మెలు దింపారు. అలల దెబ్బ తగ్గించి దీవిని నిలపడం దాని పని, పగడం పెరగడం, చేపలు చేరడం ఆ పైన. దిబ్బలు ఒడ్డుకొచ్చే అలల బలంలో సగటున 97 శాతం తినేస్తాయని లెక్కలున్నాయి. మీకొచ్చిన నాటే ప్రతిపాదన అలాంటి చోట, అలాంటి ఉద్దేశంతో అయితే నా ఆరు సెంట్ల లెక్క చెల్లదు, వాళ్లకి అన్యాయం చేసినట్టవుతుంది. అందుకే ఏ దీవి, ఏ పక్క అని అడగమంటున్నాను.

ఖర్చు దగ్గర నేను చేసిన తప్పు ఒకటి చెప్పాలి. చాలా ఏళ్ల కిందట ఒక ప్రాజెక్టులో ఇలాంటి ప్రాధాన్య పటం చేశాం. మార్క్సాన్ అని ఆస్ట్రేలియాలో పుట్టిన సాఫ్ట్‌వేర్ ఉంది, గ్రేట్ బారియర్ రీఫ్ పనిలో వాళ్లు వాడినదే. పటం మీద ప్రతి గడిలో ఏమేం ఉన్నాయి, దాన్ని మూసేస్తే ఎవరికెంత నష్టం అని ఇస్తే, తక్కువ నష్టంతో లక్ష్యాలన్నీ తీరే గడులు ఏరి పెడుతుంది. నష్టం అన్నచోట ఏం వెయ్యాలో తెలియక, పడవలు బయల్దేరే రేవు నుంచి దూరాన్ని వేశాను. రేవుకి దూరమైతే వేట తక్కువ, నష్టం తక్కువ. ఏసీ గదిలో బాగానే అనిపించింది. పాంబన్ దగ్గర ఒక పాకలో ఊళ్లవాళ్లకి ఆ పటం చూపించాం. నాచు ఏరుకొచ్చే ఆడవాళ్లు వచ్చారు. వేళ్లకి గుడ్డపీలికలు చుట్టుకుని, చీర మీద మగవాళ్ల చొక్కా తొడుక్కుని, కళ్లద్దాలు పెట్టుకుని మునిగి పాసి కోసుకొస్తారు వాళ్లు. తమిళంలో పాసి అంటే మన పాచే. వాళ్లలో ఒకావిడ పటం చుట్టూ ఒకసారి తిరిగి, ఆకుపచ్చ రంగేసిన గడి మీద వేలు పెట్టి "ఇంగదాన్ ఇరంగువోం" అంది. మేం దిగేది ఇక్కడే అని.

రేవుతో వాళ్లకి పనే లేదు. ఒడ్డు నుంచి నడిచి దిగుతారు. నా లెక్కలో అన్నిటికన్నా చవకగా తేలిన గడి వాళ్ల బతుకుతెరువు. సాఫ్ట్‌వేర్ తప్పు చెయ్యలేదు, నేను సున్నా ఇచ్చాను, అది సున్నాగానే తీసుకుంది. మళ్లీ వాళ్లని కూర్చోబెట్టి, ఏ నెలలో ఎక్కడ దిగుతారో చాప మీద గవ్వలతో పెట్టించుకుని, ఆ లెక్క ఎక్కించి పటం మళ్లీ తీశాం. ఆ గడి పోయింది, దాని బదులు రెండు పక్క గడులొచ్చాయి, పగడాల లక్ష్యం పెద్దగా మారలేదు. ఈ పటాల్లో అదే సుగుణం, ఒకే జవాబు ఉండదు, ఇంచుమించు సమానమైనవి చాలా ఉంటాయి. కొన్ని గడులు మాత్రం ఎన్నిసార్లు తీసినా వస్తూనే ఉంటాయి. వాటికోసమే పోట్లాడాలి, మిగతావి ఇచ్చిపుచ్చుకోవచ్చు. ఇంకో మాట. ఆ ఆడవాళ్లే తర్వాత తమంతట తాము నెలకి 12 రోజులే దిగాలని కట్టుబాటు పెట్టుకున్నారు. కాపలాకి పనికొచ్చేది ఎవరో మీకు వేరే చెప్పక్కర్లేదు.

2016లోనే ప్రపంచంలో రెండున్నర వేల దిబ్బల సమాచారం కలిపి చూసిన ఒక అధ్యయనం వచ్చింది. ఉన్న పరిస్థితులని బట్టి ఊహించినదానికన్నా చేపలు బాగా ఎక్కువున్న చోట్లు 15, బాగా తక్కువున్నవి 35 దొరికాయి. ఎక్కువున్న చోట్లన్నీ మనుషుల్లేనివి కావు. సముద్రం మీద ఊరి హక్కు, ఊరి కట్టుబాట్లు ఉన్నవి, చేపల మీదే ఆధారపడ్డ జనం ఉన్నవి వాటిలో చాలా ఉన్నాయి. తక్కువున్న చోట్ల ముమ్మరంగా వలలేయడం, పట్టినవి నిలవ చేసే ఫ్రీజర్లు కనిపించాయి. ఎవరెక్కడ నెగ్గుకొచ్చారో చూసి అక్కడ నేర్చుకోవడం కూడా ఒక వ్యూహమే. జాతులు ఎక్కువున్నచోటే ముందు అనే పద్ధతి గురించి ఇక్కడ ఎక్కువ చెప్పను. ప్రపంచ స్థాయిలో దానికి బలం ఉంది, మీ మూడు ప్రతిపాదనల మధ్య తేల్చడానికి అది ఉపయోగపడదు.

పిల్లలు పుట్టించి పంపే దిబ్బలు అనే మాట మాత్రం గుర్తుపెట్టుకోండి. గ్రేట్ బారియర్ రీఫ్‌లో వంద పైచిలుకు దిబ్బలు, మొత్తంలో 3 శాతం, ఒక్క ఏడాదిలో దాదాపు సగం ప్రాంతానికి పిల్లల్ని పంపగలవని 2017లో లెక్కతేల్చారు. మన్నార్‌లో ఏ దిబ్బ పంపేది, ఏది అందుకునేది అని మీ ప్రతిపాదనదారుల్ని అడిగి చూడండి. పిల్లలొచ్చి చేరే చోట నాటక్కర్లేదు, బండ శుభ్రంగా ఉంచితే చాలు.

లక్షద్వీప్ సర్వే సంగతి. మైసూరు కేంద్రంగా ఉన్న నేచర్ కన్జర్వేషన్ ఫౌండేషన్‌వాళ్లు 1998 నుంచి అక్కడ చూస్తున్నారు కాబట్టే, 24 ఏళ్లలో బతికున్న పగడం సుమారు 37 శాతం నుంచి 19కి పడిపోయిందని మనకి తెలిసింది. ఒక వేడికీ ఇంకో వేడికీ మధ్య కోలుకునే వ్యవధి చాలట్లేదని కూడా తెలిసింది. అలాంటి పొడుగాటి వరసకి మూడేళ్లు జోడిస్తే విలువుంది. కొత్తగా మొదలుపెట్టి మూడేళ్లు కొలిచి ఆపేస్తే ఒక నివేదిక, దానికో ఆవిష్కరణ సభ, అంతే. సర్వే చేస్తామన్నవాళ్లని ఒక్కటే అడగండి: అంకె ఇలా వస్తే మీరేం చేస్తారు, అలా వస్తే ఏం చేస్తారు? రెండిటికీ జవాబు ఒకటే అయితే కొలవడం దండగ.

మీ స్థానంలో నేనుంటే రెండో ప్రతిపాదనకి 35 లక్షల దాకా ఇస్తాను, కాపలా కాసేవాళ్లకి రోజుకూలీ అందులో స్పష్టంగా ఉంటేనే. ట్రాలర్లు ఆగే రెండు నెలలు, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, వలలు తీయించడానికి వీలుగా అనిపిస్తుంది గానీ, పగడానికి వేడి తగిలేదీ అప్పుడే. వెలిసిపోయిన కొమ్మ మీద నుంచి వల లాగితే కొమ్మ కూడా వస్తుంది. తీసే పని చలికాలం చివర పెట్టుకోమనండి, వేసవిలో చూసి రాసుకోవడమే. నాటేవాళ్లకి 10 లక్షలు, చిన్న ముక్కలో, పక్కనే అంతే మేర ఏమీ నాటకుండా వదిలేసి రెండూ కొలవాలన్న షరతుతో. షరతు వద్దంటే డబ్బూ వద్దు. లక్షద్వీప్‌కి ఇవన్నీ తేలేదాకా ఏమీ ఇవ్వను. మిగిలిన 15 లక్షలు ముట్టుకోను. దీన్ని కొనసాగే ప్రాజెక్టుగా ముందే తీర్మానం చేయించుకుంటే, ఆ ఏడాది ఖర్చుకాని సొమ్ముని ప్రత్యేక ఖాతాలో వేసి మూడు ఆర్థిక సంవత్సరాల్లో వాడుకోవచ్చని కంపెనీల చట్టంలోనే ఉంది. మీ ఆడిటర్‌తో ఒకసారి మాట్లాడండి. మార్చి నుంచి వారానికోసారి నోవా పటం తెరిచి మన్నార్ దగ్గర అంకె చూస్తూ ఉండండి. 4కి దగ్గరపడగానే ఆ 15 లక్షల్లోంచి పడవకీ, డైవర్లకీ డబ్బు వెళ్లిపోవాలి, కమిటీ మళ్లీ కూర్చునేదాకా ఆగకుండా. ఏ పగడాలు వెలిసిపోకుండా నిలబడ్డాయో గుర్తు పెట్టుకోగలిగేది ఆ నాలుగైదు వారాల్లోనే.